పీహెచ్‌పీ నేర్చుకునేవారు ఏ పనిముట్లు సమకూర్చుకోవాలి, ఏ పాఠాలను నమ్మాలి

పీహెచ్‌పీ అనేది వెబ్‌సైట్లు రాయడానికి వాడే ప్రోగ్రామింగ్ భాష. దాన్ని నేర్చుకోవాలనుకునేవారికి పాఠాలకు కొరత లేదు. ఉన్న చిక్కంతా పాత పాఠాలతోనే. రాస్మస్ లెర్డార్ఫ్ తన బయోడేటా పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి సీ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాములను 1995 జూన్‌లో అందరికీ విడుదల చేశాడు. అప్పటి నుంచి ఈ భాష మారుతూనే ఉంది. ఈ ముప్పై ఏళ్లలో రాసిన పాఠాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏదైనా వెతికితే 2006 నాటి పాఠమూ, నిన్న రాసిన పాఠమూ ఒకే వరుసలో వచ్చి నిలబడతాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఆ రెండింటి మధ్య తేడా కనిపించదు. అందుకే ఏ పనిముట్టు ఏ క్రమంలో సమకూర్చుకోవాలో చెబుతూనే, ఏ వనరును ఎంతవరకు నమ్మవచ్చో కూడా ఇక్కడ చెబుతున్నాను. మీకు హెచ్‌టీఎంఎల్‌తో కొంత పరిచయం ఉందనీ, ఫారం అంటే ఏమిటో తెలుసుననీ అనుకుంటున్నాను. అది లేకపోతే ముందు ఒక వారం దానికి కేటాయించి, తర్వాత ఇటు రండి.

ఈ భాషకు కాలం చెల్లిందని చెప్పేవారు చాలామంది ఎదురవుతారు. బ్లాగులు, సైట్లు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ నడిచేది దీని మీదనే. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియాలన్నింటినీ నడిపే మీడియావికీ కూడా పీహెచ్‌పీలో రాసినదే. కాబట్టి ఆ మాటను పట్టించుకోనవసరం లేదు.

మొదట వెర్షన్ సంగతి తేల్చుకోండి

పీహెచ్‌పీ అధికారిక సైటు అయిన పీహెచ్‌పీ డాట్ నెట్‌లో "సపోర్టెడ్ వెర్షన్స్" అనే పేజీ ఉంది. పని మొదలుపెట్టే ముందు దాన్ని తెరిచి చూడండి. పూర్తి మద్దతు ఉన్న వెర్షన్లను ఆకుపచ్చ రంగులోనూ, భద్రతా సవరణలు మాత్రమే అందుతున్నవాటిని నారింజ రంగులోనూ, కాలం తీరినవాటిని ఎరుపు రంగులోనూ చూపిస్తారు. 2020 నవంబరులో 8.0 వెలువడినప్పటి నుంచి ఏటా చివరి నెలల్లో ఒక కొత్త వెర్షన్ వస్తోంది. మీరు ఆకుపచ్చ రంగులో ఉన్నదాన్నే పెట్టుకోండి.

ఏదైనా పాఠం మీ కంటబడితే, దాన్ని చదివే ముందు అందులోని కోడ్‌ను ఒకసారి పైపైన చూడండి. డేటాబేస్‌తో మాట్లాడే ఫంక్షన్ల పేర్లు "మైఎస్‌క్యూఎల్" అనే మాటకు వెంటనే అండర్‌స్కోర్ తగిలించుకుని ఉంటే, మధ్యలో "ఐ" అక్షరం లేకపోతే, ఆ పాఠాన్ని అక్కడితో మూసేయండి. 2015 డిసెంబరులో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి ఆ ఫంక్షన్లను పూర్తిగా తీసేశారు. పాస్‌వర్డును ఎండీ5 అనే పాత పద్ధతితో దాచమని చెప్పే పాఠమూ ఆ కోవకు చెందినదే. ఇప్పుడు అందుకు పాస్‌వర్డ్_హ్యాష్ అనే ఫంక్షన్ ఉంది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి నా అనుభవమే కారణం. ఒక శిక్షణ కేంద్రంలో ఇచ్చిన జిరాక్సు నోట్సు ముందేసుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తే "కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్_కనెక్ట్" అని వచ్చేది. నా వేళ్లదే తప్పనుకుని రెండు రోజులపాటు స్పెల్లింగు సరిచూసుకుంటూ కూర్చున్నాను. స్పెల్లింగులో తప్పేమీ లేదు. నోట్సులో ఉన్న ఫంక్షనే నా కంప్యూటరులోని పీహెచ్‌పీలో లేదు.

తర్వాత పీహెచ్‌పీని కంప్యూటరులోకి తెచ్చుకోండి

మన దగ్గర చాలామంది మొదట దింపుకునేది జాంప్. అపాచీ అనే వెబ్ సర్వరు, మరియాడీబీ అనే డేటాబేస్, పీహెచ్‌పీ మూడూ ఒక్క మూటగా వస్తాయి కనుక సౌకర్యమే. అయితే ఆ మూటలోని పీహెచ్‌పీ సరికొత్తది కాకపోవచ్చు. పైగా నేర్చుకునే తొలి నెలలో అపాచీతో గానీ, విడిగా నడిచే డేటాబేస్ సర్వరుతో గానీ మీకు పని పడదు. 2012లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి పీహెచ్‌పీలోనే ఒక చిన్న వెబ్ సర్వరు ఉంది. నేర్చుకోవడానికి అది చాలు.

విండోస్‌లో పీహెచ్‌పీ జిప్ ఫైలును అధికారిక సైటు నుంచే దింపుకుని, సీ డ్రైవులో ఒక ఫోల్డరులో విప్పి, ఆ ఫోల్డరు చిరునామాను పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చేర్చండి. ఆ ఫోల్డరులో పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ-డెవలప్‌మెంట్ అనే ఫైలు కనిపిస్తుంది. దానికి ఒక నకలు తీసి, ఆ నకలు పేరులో చివరి గీతనూ, "డెవలప్‌మెంట్" అనే మాటనూ తీసేయండి. అందులో ఎక్స్‌టెన్షన్_డిర్ అనే మాటకు "ఎక్స్ట్" ఫోల్డరును చూపే వరుస ముందూ, ఎంబీస్ట్రింగ్, ఇంట్ల్, పీడీఓ_ఎస్‌క్యూలైట్ అనే ఎక్స్‌టెన్షన్ల వరుసల ముందూ ఉన్న సెమికోలన్లను చెరిపేస్తే అవి పనిలోకి వస్తాయి. ఉబుంటులో అయితే ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ ద్వారా పీహెచ్‌పీ-సీఎల్ఐతో పాటు ఎంబీస్ట్రింగ్, ఇంట్ల్, ఎస్‌క్యూలైట్3 ప్యాకేజీలను కూడా అడగండి. మ్యాక్‌లో అదే పని చేసే హోంబ్రూ ఉంటే ఒక్క ఆదేశంతో పని అయిపోతుంది. ల్యాప్‌టాప్ లేనివారు నిరాశపడనవసరం లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోరు నుంచి టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ పెట్టుకుంటే అందులోనూ పీహెచ్‌పీ, దాని చిన్న సర్వరు నిక్షేపంగా నడుస్తాయి. తెర చిన్నదన్న మాటే గానీ భాష అదే.

పని అయ్యాక టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, పీహెచ్‌పీ అని చిన్న అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత, చిన్న వీ కొట్టండి. వెర్షన్ సంఖ్య కనిపిస్తే పీహెచ్‌పీ మీ చేతికి వచ్చినట్టే. ఇప్పుడు ఒక ఖాళీ ఫోల్డరు తయారుచేసుకుని, అందులో ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ అనే ఫైలు పెట్టి, టెర్మినల్‌లో దానిలోకి వెళ్లి, అదే ఆదేశంలో చిన్న వీకి బదులు పెద్ద ఎస్ పెట్టి, ఒక ఖాళీ తర్వాత లోకల్‌హోస్ట్, కోలన్, 8000 అని ఇవ్వండి. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ కోలన్ 8000 చిరునామాకు వెళితే ఆ ఫోల్డరులోని ఇండెక్స్ ఫైలు కనిపిస్తుంది.

ఇక్కడ కొత్తవారిలో చాలామంది ఒకే చోట తడబడతారు. ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి బ్రౌజరులో తెరిచి, కోడ్ యథాతథంగా కనిపిస్తోందనో, పేజీ ఖాళీగా ఉందనో దిగులు పడతారు. అలా తెరిచినప్పుడు చిరునామా "ఫైల్" అనే మాటతో మొదలవుతుంది. అంటే ఆ ఫైలు పీహెచ్‌పీ దాకా వెళ్లనే లేదన్నమాట. చిరునామా లోకల్‌హోస్ట్‌తో మొదలైతేనే సర్వరు దాన్ని చదివి, ఫలితాన్ని బ్రౌజరుకు పంపినట్టు లెక్క. ఇంకొకటి, విండోస్ ఫైళ్ల చివరి పేర్లను దాచిపెడుతుంది కాబట్టి మీరు ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ అనుకుంటున్నది నిజానికి ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ డాట్ టీఎక్స్‌టీ అయి ఉండవచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో ఆ పేర్లు కనిపించేలా ఈ రోజే మార్చుకోండి.

ఎడిటరు

విజువల్ స్టూడియో కోడ్ ఉచితం. దానికి ఇంటెలిఫెన్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఒక్కటి చేర్చండి. ఫంక్షను పేరు సగం కొట్టగానే మిగతాది చూపిస్తుంది, లేని ఫంక్షనును పిలిస్తే కింద ఎర్ర గీత గీస్తుంది. పైన నేను రెండు రోజులు పోగొట్టుకున్న తప్పును ఇది రెండు క్షణాల్లో పట్టుకునేది. ఇంకో పది ఎక్స్‌టెన్షన్లు చేర్చమని సలహా ఇచ్చేవారుంటారు. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి.

తెలుగులో రాసుకునేవారు ఫైలును యూటీఎఫ్-8గా (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి ఇది), బీఓఎం లేకుండా భద్రపరచాలి. బీఓఎం అంటే ఫైలు మొదట్లో కంటికి కనిపించకుండా కూర్చునే మూడు బైట్లు. అవి ఉంటే మీ కోడ్ కంటే ముందు అవే బయటకు వెళ్లిపోతాయి. ఆ తర్వాత మీరు కుకీ పెట్టబోయినా, మరో పేజీకి పంపబోయినా "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని పీహెచ్‌పీ అభ్యంతరం చెబుతుంది. పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే బీఓఎం తనంతట తానే చేరేది. విజువల్ స్టూడియో కోడ్‌లో కింది పట్టీలో ఏ ఎన్‌కోడింగు ఉందో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

ఎర్రర్లను చదవడం అలవాటు చేసుకోండి

పీహెచ్‌పీ ఇచ్చే ఎర్రరులో మూడు సంగతులు ఉంటాయి. ఏం జరిగింది, ఏ ఫైలులో జరిగింది, ఎన్నో వరుసలో జరిగింది. చాలామంది ఎర్రరు రాగానే దాన్ని చదవకుండానే కాపీ చేసి గూగుల్‌లో అతికిస్తారు. ఒక్కసారి ఈ చిన్న ప్రయోగం చేయండి. మొదటి వరుసలో పీహెచ్‌పీ ప్రారంభ ట్యాగు పెట్టి, రెండో వరుసలో ఎకో (తెర మీద చూపించే ఆదేశం) అని రాసి, కొటేషన్ల మధ్య ఏదో ఒక మాట పెట్టి, చివర సెమికోలన్ కావాలనే మరిచిపోండి. మూడో వరుసలో ఇంకొక ఎకో రాయండి. ఎర్రరులో "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ ఎకో, ఎక్స్‌పెక్టింగ్ కామా ఆర్ సెమికోలన్" అనీ, 3వ వరుస అనీ ఉంటుంది. తప్పు ఉన్నది మాత్రం 2వ వరుసలో. మొదటి వాక్యం ఇంకా ముగియలేదనుకుంటూ వచ్చిన పీహెచ్‌పీకి, అనుకోని మాట మూడో వరుసలో ఎదురైంది. అది ఎక్కడ తడబడిందో ఆ వరుసనే చెప్పింది. చెప్పిన వరుసలో తప్పు కనిపించకపోతే దాని పై వరుసను చూడాలన్నది ఈ ఒక్క ప్రయోగంతో మీకు ఎప్పటికీ గుర్తుంటుంది.

ఎర్రరు కూడా లేకుండా తెల్ల పేజీ మాత్రమే వస్తే, డిస్‌ప్లే_ఎర్రర్స్ అనే సెట్టింగు ఆఫ్‌లో ఉండి ఉంటుంది. పీహెచ్‌పీ ఆదేశం పక్కన రెండు అడ్డగీతలు పెట్టి ఐఎన్ఐ అని కొడితే, ఏ సెట్టింగుల ఫైలు చదువుతోందో చెబుతుంది. చాలాసార్లు మనం మారుస్తున్నది ఒక ఫైలు, అది చదువుతున్నది వేరొక ఫైలు!

మాన్యువల్‌ను మొదటి గురువుగా పెట్టుకోండి

పీహెచ్‌పీ డాట్ నెట్ చిరునామా పక్కన ఒక గీటు పెట్టి ఫంక్షను పేరు కొడితే తిన్నగా ఆ ఫంక్షను పేజీకే వెళతారు. ఈ మాన్యువల్ తెలుగులో లేదు, ఇంగ్లిషులో చదవాల్సిందే. కానీ ప్రతి పేజీకీ ఒకే అమరిక ఉంటుంది కనుక నాలుగు పేజీలు చదివేసరికి చేయి తిరుగుతుంది. ఏ వెర్షన్లలో పనిచేస్తుంది, ఏమి ఇవ్వాలి, ఏమి తిరిగి వస్తుంది, ఏ వెర్షనులో ఏం మారింది, ఉదాహరణలు, సంబంధిత ఫంక్షన్లు. వీటిలో ఏమి తిరిగి వస్తుందన్న భాగాన్ని దాటేయకండి. పేజీ అడుగున పాఠకులు రాసిన వ్యాఖ్యలు ఉంటాయి. వాటిలో కొన్ని బంగారం, కొన్ని ఇరవై ఏళ్ల నాటి తుప్పు. తేదీ చూసి చదవండి.

మాన్యువల్ ఎందుకు కావాలో తెలుగువారికి బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటి ఉంది. స్ట్ర్‌లెన్ అనే ఫంక్షనుకు "తెలుగు" అనే మాట ఇవ్వండి. మూడు అక్షరాలే కదా అనుకుంటాం. అది 18 అంటుంది. ఎంబీ_స్ట్ర్‌లెన్‌ను అడిగితే 6 అంటుంది. గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్ మాత్రం 3 అంటుంది. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. మొదటిది బైట్లను లెక్కపెట్టింది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. రెండోది యూనికోడ్ గుర్తులను లెక్కపెట్టింది; త ఒకటి, దాని ఎత్వం ఒకటి, ల ఒకటి, దాని కొమ్ము ఒకటి, గ ఒకటి, దాని కొమ్ము ఒకటి. మూడోది కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాలను లెక్కపెట్టింది. మొదటి ఫంక్షను పేజీలో అది బైట్లను లెక్కిస్తుందని స్పష్టంగా రాసి ఉంది. కానీ ఇంగ్లిషు మాటలతో మాత్రమే ఉదాహరణలిచ్చే వీడియో పాఠాల్లో ఈ తేడా బయటపడదు. అందుకే మీ అభ్యాసాలన్నింటిలో ఒక తెలుగు పేరు తప్పకుండా వాడండి. సబ్‌స్ట్ర్‌తో తెలుగు మాటను నాలుగు బైట్ల దగ్గర కోస్తే చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండు ఎందుకు వస్తుందో అప్పుడే అర్థమవుతుంది.

మాన్యువల్‌కు తోడుగా 3వీ4ఎల్ డాట్ ఆర్గ్ అనే సైటును బుక్‌మార్కు చేసుకోండి. అక్కడ చిన్న కోడ్ అతికిస్తే, దాన్ని ఎన్నో వెర్షన్లలో ఒకేసారి నడిపి ఫలితాలను పక్కపక్కన చూపిస్తుంది. సున్నా అనే అంకెనూ, "పండు" అనే మాటనూ రెండు సమాన గుర్తులతో పోల్చి చూడండి. 7 వరకు ఉన్న వెర్షన్లు రెండూ సమానమే అంటాయి. 8 నుంచి కాదంటాయి. పాత పాఠానికీ కొత్త పాఠానికీ పొత్తు ఎందుకు కుదరదో ఇంతకంటే సూటిగా చూపించే సాధనం నాకు తెలియదు.

వీడియోలు, ప్రశ్నోత్తరాలు, కృత్రిమ మేధ

వీడియో పాఠాలను చూడండి, కానీ చూస్తూ ఉండిపోకండి. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పాఠాలు చిన్న చిన్న ముక్కలుగా ఉచితంగా దొరుకుతాయి. అవి చాలా ఏళ్ల క్రితం రికార్డు చేసినవి కాబట్టి లూపులు, షరతులు, ఫారాల వరకు వాడుకుని, డేటాబేస్ భాగాన్ని మాన్యువల్‌లోని పీడీఓ అధ్యాయంతో నేర్చుకోండి; పీహెచ్‌పీ డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి అది. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైటులో అన్నిటికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన జవాబే అన్నిటికంటే పాతదీ అయి ఉండవచ్చు. కింద ఉన్న కొత్త జవాబులను కూడా చదవండి. చాట్‌బాట్లను ఎర్రరు అర్థం చెప్పమని అడగండి. కోడ్ రాసిపెట్టమని అడిగితే అది రాస్తుంది, మీకు మాత్రం రాదు. అది చెప్పిన ఫంక్షను నిజంగా ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకోవడం మరవకండి.

ఒక చిన్న పని పెట్టుకోండి: పాల ఖాతా

విడివిడి అభ్యాసాలు పదిహేను రోజులు చేశాక, మీ ఇంట్లో ఎవరికైనా నిజంగా పనికొచ్చే చిన్న పని పెట్టుకోండి. నేను పాల ఖాతాను సూచిస్తాను. క్యాలెండరు మీద పెన్నుతో గీసే లెక్కే ఇది. ఏ రోజు ఎన్ని పాలు పోశారు, లీటరు ధర ఎంత, నెలాఖరుకు ఎంత ఇవ్వాలి అన్నవి చాలు. ఒక ఫారం, ఒక పట్టిక, ఒక మొత్తం. డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్ వాడండి. అది ఒకే ఫైలు. విడిగా సర్వరు అక్కర్లేదు.

ఇంత చిన్న పనిలోనూ నేర్చుకోవలసినవన్నీ ఎదురవుతాయి. ధరను రూపాయల్లో దశాంశాలతో పెట్టకండి, పైసల్లో పూర్ణసంఖ్యగా పెట్టండి. 0.1కీ 0.2కీ కలిపిన మొత్తాన్ని 0.3తో పోలిస్తే పీహెచ్‌పీ సమానం కాదంటుంది. అది దాని తప్పు కాదు, కంప్యూటర్లు దశాంశాలను దాచే పద్ధతి అటువంటిది. పాలను మిల్లీలీటర్లలో పెట్టండి. లీటరు 64 రూపాయలైతే, 500 మిల్లీలీటర్లకు 500ను 6400 పైసలతో హెచ్చవేసి 1000తో భాగిస్తే 3200 పైసలు, అంటే 32 రూపాయలు. చూపించేటప్పుడు మాత్రం రూపాయల్లోకి మార్చండి.

తేదీ దగ్గర ఇంకొక ఆశ్చర్యం ఎదురవుతుంది. సెట్టింగుల్లో టైమ్‌జోన్ చెప్పకపోతే పీహెచ్‌పీ యూటీసీ సమయాన్ని తీసుకుంటుంది. తెల్లవారుజామున 5 గంటలకు పాలు పోయించుకుని నమోదు చేస్తే, యూటీసీలో అప్పటికి ఇంకా ముందురోజు రాత్రి 11:30 కాబట్టి ఆ పాలు నిన్నటి తారీఖులో పడతాయి. ఒకటో తారీఖున అయితే ఏకంగా కిందటి నెల బిల్లులోకే వెళ్లిపోతాయి. జాంప్‌తో వచ్చే సెట్టింగుల ఫైలులో బెర్లిన్ సమయం ఉంటుంది. అక్కడ ఈ పొరపాటు అంత సులువుగా దొరకదు, గంటలు మాత్రమే తేడాగా కనిపిస్తాయి. డేట్_డిఫాల్ట్_టైమ్‌జోన్_సెట్ అనే ఫంక్షనుకు "ఆసియా/కోల్‌కతా" అని ఇంగ్లిషు అక్షరాల్లో ఇచ్చి, ప్రోగ్రాము మొదట్లోనే పెట్టండి.

ఫారంలో "గమనిక" అనే గడి ఒకటి చేర్చి, దానిలో ఒంటి కొటేషన్ గుర్తు ఉన్న మాట ఏదైనా కొట్టి చూడండి. డేటాబేస్‌కు పంపే ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని మీరు మాటలను కలిపే చుక్కలతో అతికించి తయారుచేసి ఉంటే అది అక్కడే విరిగిపోతుంది. ఇవాళ పొరపాటున విరిగినదాన్ని రేపు ఎవరైనా కావాలని విరిచి, మీ పట్టికలోకి చొరబడగలరు. పీడీఓలో ప్రిపేర్, ఎగ్జిక్యూట్ అనే రెండు అడుగుల పద్ధతిలో విలువను విడిగా పంపితే ఆ సమస్య ఉండదు. అదే గడిలో హెచ్‌టీఎంఎల్ బోల్డ్ ట్యాగు కొట్టి చూడండి. పట్టికలో ఆ మాట లావుగా కనిపిస్తే, రాసినవారి ట్యాగులు మీ పేజీలో పనిచేస్తున్నాయని అర్థం. తెర మీద చూపించే ప్రతి విలువనూ ట్యాగులను మామూలు అక్షరాలుగా మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ అనే ఫంక్షను గుండా పంపండి. ఈ రెండు తప్పులనూ మీ చేతులతో మీరే చేసి చూడకుండా ముందుకు వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

తర్వాత కావలసినవి

పాల ఖాతా నడిచిన రోజు నుంచి, కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుంచుకునే గిట్ మొదలుపెట్టండి. అంతకు ముందు దానితో తలనొప్పి తప్ప లాభం తక్కువ. ఇతరులు రాసిన లైబ్రరీలు తెచ్చుకోవడానికి 2012లో వచ్చిన కంపోజరు ఉంది. దానితో పీహెచ్‌పీస్టాన్ తెచ్చుకుని, సున్నా స్థాయి నుంచి మీ కోడ్ మీద నడపండి. ప్రోగ్రామును నడపకుండానే తప్పులు చూపిస్తుంది. వార్_డంప్‌తో విలువలు చూసుకోవడం విసుగనిపించినప్పుడు ఎక్స్‌డీబగ్ పెట్టుకుని, ప్రోగ్రామును మధ్యలో ఆపి ఒక్కో వరుస నడిపి చూడండి. లారవెల్ వంటి ఫ్రేమ్‌వర్కుకు (సైటు కట్టడానికి ముందే సిద్ధం చేసిన కోడ్ చట్రానికి) ఆ తర్వాతే చోటివ్వండి. నేరుగా లారవెల్‌తో మొదలుపెట్టినవారికి ఏది భాషో, ఏది ఫ్రేమ్‌వర్కో విడదీసి చెప్పడం ఆరు నెలల తర్వాత కూడా కష్టమవడం నేను చూశాను.

పాల ఖాతాను హోస్టింగులో పెట్టాలనిపిస్తే, ముందు అక్కడి పీహెచ్‌పీ వెర్షన్ మీ కంప్యూటరులో ఉన్నదానితో సరిపోతుందో లేదో కంట్రోల్ ప్యానెల్‌లో చూడండి. ఎస్‌క్యూలైట్ ఫైలును వెబ్‌కు కనిపించే ఫోల్డరులో కాకుండా దానికి ఒక మెట్టు పైన ఉంచండి, లేకపోతే చిరునామా ఊహించిన వారెవరైనా దాన్ని దింపేసుకోగలరు. అక్కడ డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆఫ్ చేసి, లాగ్_ఎర్రర్స్ ఆన్ చేసి, మొదటి వారం రోజూ పాలు నమోదు చేసిన తర్వాత ఆ లాగు ఫైలును ఒకసారి తెరిచి చూడండి.